ఈదమ్మ చాప

వెనకటికి, మనుషుల కన్నా తాటిచెట్లు ఎక్కువున్న కాలంలో, లొట్లపల్లి అని ఒక ఊరుండె. కల్లు గీసేటోళ్ళ ఊరు. ఆ ఊళ్ళో ఈదమ్మ అని ఒక ముసలామె ఉండె. కల్లు తాగే మండువ కాడ ఈతచాప పరుచుకొని శనగ గుడాలమ్మేది. ముందు లేరు, వెనక లేరు. గుడాలు మాత్రం వేలు తాకితే నలిగేంత మెత్తగా ఉడకబెట్టేది. గట్టిగున్న గుడాలు అమ్మేటోళ్ళు అప్పుడూ ఉండిరి, ఇప్పుడూ ఉన్నరు. వాళ్ళ సంగతి వద్దు.

అదే ఊళ్ళో పెంటయ్య అని ఒక గీతకాడు. పెండ్లాం సత్తవ్వ. పెంటయ్య చెట్టెక్కుతుంటే చూసేటోళ్ళకు మెడ నొచ్చేది గానీ, ఎక్కేటోడికి చెమట పట్టేది కాదు.

ఒకనాడు వాన వెలిసినంక నడుముకు మోకు కట్టి ఎక్కిండు. మట్ట జారింది. మోకు జారింది. మనిషి జారిండు.

చావలేదు. తలకు దెబ్బ తాకింది. గాయం మానింది. మానినంక చూస్తే లోపలి మనిషి చెదిరిపోయి ఉన్నడు. చెంబు తెమ్మంటే చీపురు తెచ్చేటోడు. అంగీ చేతుల్లో కాళ్ళు దూర్చేటోడు. సత్తవ్వను అమ్మా అని పిలిచేటోడు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే చెవులు మూసుకొని, చేతికందింది విసిరేటోడు.

ఊరంతా చూడవచ్చింది. వచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట.

పెద్దనాయన వచ్చిండు. "పెంటా, నన్ను గుర్తుపట్టినవా?"

మేనత్త వచ్చింది. "బిడ్డా, నన్ను గుర్తుపట్టినవా?"

తోటి గీతకాడు వచ్చిండు. "అరేయ్, నన్ను గుర్తుపట్టినవా?"

పెంటయ్య నోరు తెరిచేటోడు. పేరు వచ్చేది కాదు. మొకం ఎర్రగయ్యేది. పక్కనున్న కల్లు లొట్టి తీసి గోడకు కొట్టేటోడు. వాళ్ళు ప్రేమతోనే అడిగిన్రు, కాదనను. కానీ పొద్దుగాల నుంచి పొద్దూకే దాకా అడిగిన్రు.

అడిగి అడిగి అలసిపోయి, గీసేటోళ్ళ దేవుడు కాటమయ్య కన్నెర్ర చేసిండన్నరు. పడ్డోడిని ముట్టుకుంటే తామూ పడతమని భయపడ్డరు. అంత మాట అన్నంక ఆ గడప తొక్కినోళ్ళు లేరు.

కులపెద్ద ముత్తయ్య వచ్చి వాకిలి బయటే నిలబడ్డడు.

"సత్తవ్వా, కాటమయ్య పండుగనాడు కులమంతా కూసుంటది. ఆనాడు వీడు తానెవరో చెప్పాలె. చెప్పకపోతే తాటివనం చివర గుడిసెల ఉంచుతం. కూడు పంపుతం. నువ్వు నీ తల్లిగారింటికి పో."

"ఆయన గీసే చెట్లు తీసుకోండి మామా. మనిషిని నాకు విడిచిపెట్టండి."

"వాడు నిన్ను కొడితే?"

సత్తవ్వ ముంజేతి మీది దెబ్బను కొంగుతో కప్పుకున్నది.

తెల్లారి ఈదమ్మ వచ్చింది. గంప దించింది. చాప పరిచింది.

"నేను ఈదమ్మను బిడ్డా. గుడాలమ్ముత. నీ పక్కన కూసుంట" అన్నది. ఏమీ అడగలేదు.

రెండోనాడు వచ్చింది. "నేను ఈదమ్మను బిడ్డా. గుడాలమ్ముత. నీ పక్కన కూసుంట."

మూడోనాడూ అదే మాట. సత్తవ్వకు విసుగొచ్చింది.

"రోజూ చెప్పవడితివి అవ్వా, ఆయనకేమన్న చెవుడా?"

"చెవుడు కాదే పిల్లా. నా పేరు వెతుక్కునే కష్టం వానికెందుకు? నేనెవరో నాకెరికే గద. నేను చెప్తే ఏం పోయింది?"

చేటలో శనగలు పోసి రాళ్ళేరమనేది. ఒక పని అయినంకనే ఇంకో పని చెప్పేది. పెంటయ్య చేట ఎత్తి కొట్టిన రోజున అరవలేదు. "నేల మీద పడ్డా శనగలేనాయె" అని ఏరుకున్నది. సత్తవ్వతోని, "నువ్వు కోతకు పో. తోటి ఆడోళ్ళతో కాసేపు నవ్వి రా. నేనున్న గద" అన్నది. సత్తవ్వ కోతకు పోయింది. మొదటి రోజు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

కొందరు కథ చెప్పేటోళ్ళు ఈదమ్మ ఆకుపసరు పోసిందని, పెంటయ్య లేచి మళ్ళా చెట్టెక్కిండని చెప్తరు. ఎక్కలేదు. మళ్ళెన్నడూ ఎక్కలేదు. తెలియకపోతే అడగాలె గానీ కల్పించొద్దు.

పండుగ వచ్చింది. కులం కూసున్నది. నడుమ పెంటయ్యను నిలబెట్టిన్రు.

"నేనెవర్నిరా?" అన్నడు ముత్తయ్య. పెంటయ్య ముత్తయ్య తలపాగ దిక్కు చూసిండు.

"ఈమె ఎవరు?" అని సత్తవ్వను చూపించిండు. పెంటయ్య నోరు తెరిచి మూసిండు.

"నువ్వెవరివి?" పెంటయ్య చెవులు మూసుకున్నడు.

గుంపులోంచి ఒకడు నవ్విండు. వాడి పేరు నాకు తెలుసు. వాడి వంశం ఇంకా ఊళ్ళోనే ఉన్నది గనుక చెప్పను.

ఈదమ్మ లేచింది. "ముత్తన్నా, ఎరుకలేని ఇంటికి పోతే ముందు ఎవరు పేరు చెప్పాలె? వచ్చినోడా, ఇంట్లోడా?"

"వచ్చినోడే."

"మరి వాని తలకు ఇప్పుడు నువ్వు ఎరుకలేనోడివి. చెప్పు."

"నా కులంల నా పేరు నేను చెప్పుకోవాల్నా?"

"చెప్తే అరిగిపోతదా?"

జనం నవ్విన్రు. ముత్తయ్య తలపాగ తీసి పక్కన పెట్టిండు. పెంటయ్య చెయ్యి పట్టి కూర్చోబెట్టి తానూ ఎదురుగా కూసున్నడు.

"నేను ముత్తయ్యను" అన్నడు మెల్లగా.

పెంటయ్య చూసిండు. చాలాసేపు చూసిండు. ఎవరూ తొందరపెట్టలేదు.

"నేను పెంటయ్యను" అన్నడు.

సత్తవ్వ వచ్చి పక్కన కూసున్నది. "నేను సత్తవ్వను."

"ఆకలైతుంది సత్తవ్వా" అన్నడు పెంటయ్య.

ముత్తయ్య మాట మీద నిలబడే మనిషి. పెంటయ్య ఇంట్లోనే ఉన్నడు. అతని చెట్లను కులపోళ్ళు వంతులేసుకొని గీసి, కల్లు సత్తవ్వకే ఇచ్చిన్రు. పెంటయ్యకు మంచి రోజులుండె, చెడ్డ రోజులుండె. చెడ్డ రోజున పక్కన మనిషి ఉండె.

ఈ సంగతి తెలిసి చుట్టుపక్కలోళ్ళు ఈదమ్మ కాడికి, బావి తవ్వుతుంటే తల మీద రాయి పడ్డ ఓదెలును తెచ్చిన్రు. బండి తిరగబడి మాట పోయిన నర్సవ్వను తెచ్చిన్రు. ఎద్దు పొడిచి ఎత్తేసిన సాంబయ్యను తెచ్చిన్రు. చాప చాలలేదు, కొట్టం వేసిన్రు. ఇంటికొక చాప వచ్చింది. ఇంటికొక మనిషి వంతు తప్పకుండా వచ్చి కూసున్నడు.

పోను పోను ఈదమ్మ కాలం చేసింది. ఊరంతా పాడె వెంట నడిచింది. దింపుడు కల్లం కాడ దించిన్రు. అక్కడ అయినోళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలె, ఊపిరుంటే పలుకుతరని. ఈదమ్మకు అయినోళ్ళు ఎవరు? అందరూ ముత్తయ్య దిక్కు చూసిన్రు.

పెంటయ్య జనాన్ని జరుపుకుంటూ వచ్చిండు. చెవి దగ్గర వంగిండు.

"అవ్వా, నేను పెంటయ్యను."

ఓదెలు వంగిండు. "అవ్వా, నేను ఓదెలును." నర్సవ్వ వంగింది. ఆమెకు మాట రాదు, చెంప ఆనించింది. ఆ తర్వాత వరుసగా ఊరంతా వంగింది. ఆనాడు ఈదమ్మ పేరు ఎవరూ పిలవలేదు. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకున్నరు.

అప్పటి నుంచి లొట్లపల్లిలో ఎవరింటికి ఎవరు పోయినా గడపలో నిలబడి ముందు తమ పేరు చెప్తరు. కన్నతల్లి ఇంటికి పోయినా చెప్తరు. చాపలు పరిచిన కొట్టం ఉన్నది, వంతులూ ఉన్నయి. వంతు ఎగ్గొట్టినోళ్ళను నేను మరువను.

పక్కూరు దుబ్బగూడెపోళ్ళు మా అలవాటు చూసి నవ్వుతరు. నవ్వనీ. వాళ్ళల్లోనూ చెట్ల మీంచి పడేటోళ్ళు ఉన్నరు. పడ్డోళ్ళను ఎత్తుకొని మా కొట్టానికే వస్తరు. వస్తే జరిగి చోటిస్తం. ముందు మా పేర్లు చెప్తం.