పెరటి తలుపు

లోహిత్‌కి వారం రోజులుగా మనసు మనసులో లేదు. అతను చేసిన ప్లగిన్‌ని అందరూ పక్కకు నెట్టేస్తున్నారు.

జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముని కూర్చి, పరీక్షించి, బయటికి పంపడానికి సిద్ధం చేసే పనిముట్టు ఒకటుంటుంది. బిల్డ్ టూల్ అంటారు. మనకు కావలసిన పని ఏదైనా దానికి అదనంగా తగిలించుకోవచ్చు. అలా తగిలించేదే ప్లగిన్. ప్రోగ్రాములో ఎవరైనా పొరపాటున పాస్‌వర్డ్ వదిలేస్తే పట్టుకుని, బిల్డ్‌ని అక్కడే ఆపేసే ప్లగిన్ ఒకటి చేశాడు లోహిత్. మంచి పనే. కంపెనీలో ఎవరైనా తీసుకునేలా ఉమ్మడి సర్వర్లో పెట్టి, అక్కడ తన పేరు చూసుకుని మురిసిపోయాడు కూడా.

తప్పు దొరికితే ఆ ప్లగిన్ ఒకటే మాట అనేది: "నిబంధన ఉల్లంఘన. బిల్డ్ ఆగింది."

ఒకరోజు గుంటూరు ఆఫీసు నుంచి మెర్సీ ఫోన్ చేసింది. "సాయంత్రంలోగా ఆసుపత్రి వాళ్ళకి ప్రోగ్రాము పంపాలండీ. ఇదేమో ఆపేసి కూర్చుంది. ఏం తప్పో చెప్పదేంటి?"

"నిబంధనలన్నీ రాసి పెట్టానండీ. చదివితే తెలుస్తుంది" అన్నాడు లోహిత్.

మెర్సీ వాదించలేదు. బిల్డ్‌కి ఇచ్చే ఆదేశంలో ప్లగిన్‌ని దాటేసే మాట ఒకటి కలిపి, తన పని పంపేసుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. ఇక దాన్ని ఉంచాలో తీసెయ్యాలో సోమవారం తేలుస్తానన్నాడు మేనేజరు.

లోహిత్‌కి ఒళ్ళు మండిపోయింది. శనివారం దాలినాయుడు మేస్టారికి ఫోన్ చేశాడు. ఈ పని ఓనమాల నుంచి అతనికి నేర్పింది ఆయనే. రిటైరై, గోపాలపట్నంలో ఇంటి ముందు తోటకూర, బెండ పెంచుకుంటున్నారు.

"దాన్ని ఎవరూ దాటలేకుండా చెయ్యాలి మేస్టారూ. ఎలాగో చెప్పండి."

"తప్పు దొరికితే అదేటంటాది?" అని అడిగారు మేస్టారు.

లోహిత్ చెప్పాడు. మేస్టారు అంతా విన్నారు.

"రేపు రా బాబూ."

ఆదివారం పొద్దున్నే బండి వీధిలో పెట్టి, గేటు తోసుకుని గబగబా లోపలికి నడిచాడు లోహిత్. మేస్టారు వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అతన్ని ఎగాదిగా చూశారు.

"తప్పు జరిగింది. ప్రవేశం లేదు" అని గ్రిల్ వేసేశారు.

హాస్యం అనుకుని నవ్వాడు లోహిత్. ఆయన నవ్వలేదు. ఇతను హెల్మెట్ తీశాడు. బూట్లు విప్పాడు. కుళాయి దగ్గర కాళ్ళు కూడా కడుక్కొచ్చాడు.

"తప్పు జరిగింది. ప్రవేశం లేదు."

"నేనేం చేశాను మేస్టారూ?"

మళ్ళీ అదే మాట, అదే గొంతు. పైన ఎండ ఎక్కుతోంది. రేపే సోమవారం, మేనేజరు తేల్చేస్తానన్న రోజు. ఈయనకి ఈ వయసులో ఇదేం సరదా అని లోపల తిట్టుకున్నాడు కూడా. ఇంక ఆగలేక, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచాడు. మేస్టారి భార్య చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తి, "రా నాయినా, తలుపు తీసే ఉంది" అంది.

మేస్టారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఎలగొచ్చీసావు?"

"పెరటి తలుపులోంచి. మరేం చెయ్యమంటారు? అసలు నా తప్పేమిటో చెప్పండి ముందు!"

మేస్టారు కిటికీ వైపు చూపించారు. గేటు బార్లా తెరిచి ఉంది. వీధిలోంచి మేక ఒకటి లోపలికొచ్చి, తోటకూర మడి సగానికి పైగా మేసేసి, తీరిగ్గా నములుతోంది.

"గేటు గడియ వెయ్యలేదు నువ్వు."

"అయ్యో, ఆ ముక్క అప్పుడే చెప్తే క్షణంలో వేసొచ్చేవాణ్ణి కదండీ!"

అనేశాక, ఆ రోజు మెర్సీ ఫోన్లో అడిగిన మాట గుర్తొచ్చింది లోహిత్‌కి. చెవులు వేడెక్కాయి.

మేస్టారు గోడకి వేలాడుతున్న తాళంకప్ప తీసి అతని చేతిలో పెట్టారు.

"ఎవులూ దాటకుండా చెయ్యాలన్నావు కదా. ఎల్లు, పెరటి తలుపుకి తాళం ఏసిరా."

లోహిత్ తాళంకప్పని కాసేపు అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. దాన్ని బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళాడు. మేకను తోలాడు. గేటు గడియ వేశాడు. మడిలో మిగిలిన మొక్కలకి కాసిని నీళ్ళు పోశాడు.

తర్వాత వీధి మెట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు.

"మెర్సీ గారూ, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు బిల్డ్ ఆగినప్పుడు మీకు అక్కడ ఏం రాసి కనిపిస్తే బాగుండేదో ఒక్కసారి చెప్తారా?"