కొత్త బడిలో పాత వాన

రంగవరాన్ని ఏలిన నరహరి మహారాజుకి ఏది తోచినా అప్పటికప్పుడే జరిగిపోవాలి. ఓ రోజు సభలో మీసం దువ్వుకుంటూ అన్నాడు కదా:

“పట్నంలో రెండు బడులెందుకయ్యా? రేపు నేనే చూసొస్తాను. పిల్లలు నిండుగా ఉన్నది ఉంచుతాను, రెండోది పడగొట్టిస్తాను.”

తూర్పువీధి బడిని కట్టడాల అధికారి దండపాణి ఈమధ్యే కొత్తగా చేయించాడు. నగిషీ స్తంభాలు, రంగురంగుల పెంకులు, గుమ్మానికి ఇత్తడి సింహాలు! అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. ఆ వీధి పెద్దలు పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పించుకుంటారు మరి.

పడమటివీధి బడేమో నేతగాళ్ళ పిల్లలతో కిటకిట. కప్పు మాత్రం జల్లెడ. బాగుచేయించమని సోమయ్య పంతులు మొత్తుకున్నప్పుడల్లా, “చూద్దాంలేవయ్యా” అనేవాడు దండపాణి.

మర్నాడు రాజు ముందుగా తూర్పుబడికి వెళ్ళాడు. వెళితే ఏముందీ! గదినిండా పిల్లలు, గొంతెత్తి ఎక్కాలు వల్లిస్తున్నారు.

“చూశారా ప్రభూ, నా సింహాల అందం! పట్నం పిల్లలంతా ఇక్కడే. పడమటిబడి ఖాళీ. కూల్చేద్దాం” అన్నాడు దండపాణి.

గుమ్మం పక్కన సోమయ్య పంతులు కళ్ళొత్తుకుంటున్నాడు. రాజు వెంట వచ్చిన విదూషకుడు గవరయ్య దగ్గరికెళ్ళి, “ఏమైంది పంతులూ?” అన్నాడు.

“వీళ్ళంతా నా పిల్లలే బాబూ. పొద్దున్నే మా జల్లెడ కప్పు కిందనించి భటులు తోలుకొచ్చారు. నామాట ఎవరు నమ్ముతారు?”

గవరయ్య ఓసారి కప్పుకేసి చూశాడు. ఓసారి తన కండువాకేసి చూసుకున్నాడు. అందులో ఎప్పుడూ వేయించిన శనగల మూట ఉంటుంది లెండి.

“ప్రభూ, ఇంత అందమైన కప్పు గట్టిదో కాదో చూడొద్దూ?”

“ఏనుగునెక్కించి చూసుకో!” అన్నాడు దండపాణి ఛాతీ విరుచుకుని.

“ఏనుగెందుకండీ, నా ఫలహారం చాలు.”

నిచ్చెనెక్కి, మూట విప్పి, శనగలన్నీ పెంకుల మీద జల్లాడు. టపటపటప!

అంతే! పిల్లలంతా పలకలు నెత్తిన పెట్టుకుని, ఎక్కం ఆపకుండానే జరుగుతూ జరుగుతూ పోయి ఈశాన్యమూలన బుట్టలో కోడిపిల్లల్లా ఇరుక్కున్నారు. మిగతా గదంతా ఖాళీ!

రాజు నోరు తెరిచాడు. “ఆ మూలకెందుకే అమ్మాయ్?” అని ముందున్న పిల్లనడిగాడు.

“బళ్ళో అక్కడొక్కచోటే కారదండీ!”

రాజు పైకి చూశాడు. చుక్క పడితే ఒట్టు!

“అది... అది క్రమశిక్షణ ప్రభూ!” అన్నాడు దండపాణి చెమట తుడుచుకుంటూ.

గవరయ్య నిచ్చెన మీంచే కిటికీలోకి తొంగిచూశాడు.

“అధికారిగారు పిల్లల్నైతే తెచ్చుకున్నారు గానీ, వాళ్ళ కారే కప్పుని తెచ్చుకోవడం మర్చిపోయారు మహారాజా!”

రాజు పగలబడి నవ్వాడు. కిరీటం జారి చేతుల్లో పడింది.

“ఈ రంగుపెంకులన్నీ విప్పి పడమటిబడికి వెయ్యండి! పని అయ్యేదాకా దండపాణి ఆ బళ్ళోనే కూర్చోవాలి. ఆ ఒక్క మూలన మాత్రం కూర్చోనివ్వకండి! గవరయ్యా, నీకేం కావాలో అడుగు.”

“నా శనగలు నాకిప్పించండి ప్రభూ.”

పెంకుల మీంచి జారి బయట చూరు కింద రాలిన శనగల్ని పిల్లలు అప్పటికే బుగ్గలు నింపుకుని నములుతున్నారు. రాజు మళ్ళీ నవ్వి, ఆ ఖాళీ కండువా నిండా వరహాలు పోయించాడు.