నెమలికంఠం జాడీ

చిత్రగిరి రాజుకు జాడీల పిచ్చి. ఎక్కడా లేని రంగు పూత మెరిసే జాడీ ఉందంటే చాలు, అది ఆయన అద్దాల గదికి చేరాల్సిందే. ఏనుగుల ఊరేగింపుకు దారి ఇరుకైందని కుమ్మరి వీధి మొత్తాన్ని తగలబెట్టించిందీ ఆయనే.

వీధి తగలబడిన రోజు అక్కడి కుమ్మరి గురవయ్య ఆవంలో కుండలు కాలుతున్నాయి. తగలబడిన ఇళ్ల బూడిద గాలికి ఎగిరొచ్చి అందులో పడింది. వీధివాళ్లంతా తలో దిక్కూ పోయారు. గురవయ్య మాత్రం ఆవం చల్లారేదాకా కూర్చున్నాడు. తీసి చూస్తే ఒక జాడీ మీద నెమలికంఠం రంగు పూత నిగనిగలాడుతోంది. భటులు దాన్ని పట్టుకుపోయారు. నెల తిరక్కుండానే గురవయ్యనూ పట్టుకొచ్చి, ఆ జాడీ పక్కనే నిలబెట్టారు.

"దీనికి జోడు కావాలి. చెయ్యకపోతే నీ తల ఉండదు," అన్నాడు రాజు.

"చేస్తాను ప్రభూ. మట్టి ఉంది, చేతులున్నాయి. బూడిదే లేదు."

"ఏం బూడిద? తెప్పిస్తాను."

"నాలుగు తరాల పిల్లలకు ఉయ్యాల కట్టిన ఇంటి దూలాల బూడిద. మా వీధిలో ఇక దూలమన్నదే లేదు. అంత పాత ఇల్లు ఈ ఊళ్లో తమరి కోటొక్కటే. సెలవిస్తే నిప్పు పెడతాను."

రాజు తల పైకెత్తి కోట దూలాల వంక చాలాసేపు చూశాడు.

"జోడు అక్కర్లేదు. ఇంటికి వెళ్లు," అన్నాడు చివరికి.

గురవయ్య కదల్లేదు. జాడీ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇంటికే వచ్చాను ప్రభూ. మా ఇంట్లో మిగిలింది ఇదే."