గంప ఎత్తాల్సిన చేతులు

కడపలో ఓబులేసు అనే కారు డ్రైవరు ఉండేవాడు, బండి నడపడంలో అతన్ని మించినవాడు లేడు గానీ, ఎవరైనా ఒక్క మాట చెప్పబోతే చాలు, "నాకు తెల్దా?" అని కస్సుమనేవాడు.

నిజానికి అతనికి తెలుసు. వచ్చిన చిక్కల్లా అదే! తెలియనివాడికి ఎలాగో నచ్చజెప్పుకోవచ్చు. అన్నీ తెలిసినవాడికి చెప్పడం ఆ బ్రహ్మతరం కూడా కాదు. బండి శబ్దం విని జబ్బు చెప్పేవాడు ఓబులేసు. తోటి డ్రైవర్లు సందేహం వస్తే అతని దగ్గరికే పరిగెత్తేవారు. అతను మాత్రం ఎవరి దగ్గరా ఏదీ వినేవాడు కాదు.

అతని అక్క గంగులమ్మకు ఒక్కతే కూతురు, నాగవేణి. పిల్ల పాలబుగ్గల వయసులో ఉండగానే తండ్రి పోయాడు. అప్పటినుంచీ ఆ పిల్లకు అమ్మ తర్వాత అంతా మామే. బడికి దింపింది మామ. జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది మామ. కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బండి సంగతులన్నీ కథల్లా చెప్పిందీ మామే. పెద్దయ్యాక పక్కన కూర్చుని బండి నేర్పించి, లైసెన్సు కూడా ఇప్పించాడు.

"చూడు పాపా, ఇంజన్ అంటే పొయ్యి మీద కుండ. రేడియేటర్లో నీళ్ళు ఎసరు. ఎసరు ఇగిరిపోతే కుండ మాడిపోద్ది. ఎదర జాలీలోంచి గాలి తగలాల, నీళ్ళు తిరగాల. ఈ రెండూ ఉంటే బండికి ఏ రోగమూ రాదు."

"ఒకవేళ కాగిపోతే?"

"పక్కకు తీసి ఆపెయ్యాల. చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు. కాగిన రేడియేటరూ, కోపమొచ్చిన మనిషీ ఒకటే పాపా. అప్పుడు మూత తీస్తే మొహం కాలిపోద్ది."

ఎంత చక్కగా చెప్పాడో చూడండి! చెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

నాగవేణికి రాయచోటి సంబంధం కుదిరింది. పెళ్ళి అక్కడే, మగపెళ్ళివారి ఊళ్ళో. ఓబులేసు వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతురు తన కాళ్ళతో నడిచి పీటల మీదికి రాదు. వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకురావాలి. ఓబులేసు ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాడు. నాగవేణి చిన్నప్పుడు అటక మీంచి దింపిన గంపలో దూరి కూర్చుని "మామా, ఎత్తు" అంటే, ఎత్తుకుని ఇల్లంతా తిప్పేవాడు. "నీ పెళ్ళికి కూడా ఇట్లే ఎత్తుతా. సాయానికి ఇంకొకడు చెయ్యి వేస్తే ఊరుకోను" అనేవాడు. ఈమధ్య అందరికీ తన చేతులు చాపి చూపించి, "ఈ చేతుల్తోనే" అని మురిసిపోతున్నాడు. పిల్లల్లేని మనిషి. అతనికి ఆ గంప ఎత్తడం కన్నా పెద్ద ముచ్చట లేదు.

పెళ్ళినాటి పొద్దున గంగులమ్మ వాకిట్లో కారు వెనక్కి తీయించి, అది నిలబడ్డ చోట నీళ్ళు చల్లబోయింది. రాత్రి తాను వేసిన పెళ్ళిముగ్గు మీద పచ్చటి నీళ్ళు కారి, ముగ్గంతా చెదిరిపోయి ఉంది.

"ఒరే ఓబులేసూ, బండిలోంచి ఏందో కారుతాండాది. పచ్చగా ఉంది. తియ్యటి వాసన కూడా వస్తాంది."

ఆమె చెప్పింది కూలెంటు సంగతి. రేడియేటర్లో పోసే పచ్చనీళ్ళు బొట్టుబొట్టుగా బయటికి పోతున్నాయన్నమాట. ఇంకెవరి బండికైనా ఇలా కారి ఉంటే ఓబులేసు చొక్కా విప్పి బండి కింద దూరిపోయేవాడు.

"నాకు తెల్దా అక్కా? ఏసీ నీళ్ళు అవి. పెళ్ళినాడు బండికి వంక పెట్టద్దు" అన్నాడు.

ఆ తర్వాత పూల అంగడి మస్తాన్ వచ్చాడు కారు అలంకరించడానికి. బంతిపూల దండలు ముందు జాలీ మీద వరసలుగా కట్టాడు. దాని మీద వధూవరుల పేర్లున్న అట్ట బిగించాడు. ఓబులేసు వెనక్కి వెళ్ళి చూసి, "ఇంకా సందులు కనపడతాండాయి. ఇంకో వరస కట్టు" అన్నాడు.

"అన్నా, జాలీ మొత్తం మూసేస్తే గాలి ఆడదేమో. కొండ ఘాటు ఎక్కాల కదా" అని మస్తాన్ నసిగాడు.

"నువ్వు పూలమ్ముతావా, నాకు బండి నేర్పుతావా? నాకు తెల్దా?"

మస్తాన్ ఇంకో వరస కట్టేశాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు!

ఇక డ్యాష్‌బోర్డు మీద ఓబులేసు కొత్తగా వెంకన్న పటం పెట్టి, దానికి బారెడు దండ వేశాడు. పటం వెనక వేడి చూపించే ముల్లు పూర్తిగా దాగిపోయింది. ముందు సీట్లో కూర్చోబోతూ గంగులమ్మ, "స్వామిని కొంచెం పక్కకు జరపరా, ఆ ముల్లు కనపడటంలా" అంది. "అన్నీ ఆయనే చూసుకుంటాడులే" అన్నాడు ఓబులేసు. స్వామి చూసుకుంటాడు, నిజమే. కానీ ముల్లు చూసుకోవాల్సింది డ్రైవరు కదా!

ఓబులేసు భార్యా, మిగిలిన చుట్టాలూ బస్సులో ముందే వెళ్ళిపోయారు. కారులో ఓబులేసు, పక్కన గంగులమ్మ, వెనక పట్టుచీరలో పెళ్ళికూతురు. గంప డిక్కీలో ఉంది. ముహూర్తం పదకొండున్నరకు. దారిలో ఏమైనా ఆలస్యమైతే ఉండాలని చాలా ముందే బయల్దేరారు.

మే నెల ఎండ. కడప దాటి గువ్వలచెరువు ఘాటు మొదలైంది. ముందు బరువు లారీ ఒకటి నత్తలా పాకుతోంది. దాని వెనకే చిన్న గేరులో ఎక్కాల్సి వచ్చింది. నాగవేణికి చెమట పట్టి బొట్టు కారిపోతుందని ఏసీ నిండుగా పెట్టాడు ఓబులేసు. కొంతసేపటికి ఏసీలోంచి చల్లగాలి పోయి వెచ్చటి గాలి వచ్చింది.

"మామా, ఏందో కాగిన వాసన" అంది నాగవేణి.

"లారీది పాపా."

"మామా, ముల్లు ఒకసారి చూడు."

"నాకు తెల్దా..."

మాట పూర్తి కాలేదు. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది. ఓబులేసు బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, దిగాడు. చుట్టూ కొండ, కింద లోయ. పైనుంచి వచ్చే బండ్లు హారన్లు కొట్టుకుంటూ మలుపు తిరిగిపోతున్నాయి.

అప్పటిదాకా అతను చేసింది సరైనదే. కానీ గడియారం చూసుకున్నాడు. ముహూర్తం, గంప, పీటల దగ్గర పురోహితుడు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు.

నాగవేణి చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి దిగింది. "మామా, వద్దు! మూత ముట్టుకోవద్దు. చల్లారనీ. నువ్వే కదా నాకు చెప్పింది?"

"నీకు చెప్పినవాణ్ణి నేనే! నాకు తెల్దా? పెళ్ళికూతురివి, పోయి లోపల కూర్చో!"

జీవితంలో ఎప్పుడూ ఆ పిల్ల మీద అరిచి ఎరగడు. ఆ అరుపుకి నాగవేణి బిత్తరపోయి నిలబడింది. ఓబులేసు ఎడమచేత్తో ఆనుకుని, కుడిచేత్తో మూత తిప్పాడు.

కుతకుత ఉడుకుతున్న నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగజిమ్మాయి. మొహం పక్కకు తిప్పుకున్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

"అమ్మా!" అని అతను పెట్టిన కేకకు కొండ బదులు పలికింది. నాగవేణి పరుగున డిక్కీ తెరిచి, నీళ్ళ క్యాను తెచ్చి, మామ చేతుల మీద ధారగా పోస్తూ కూర్చుంది. పట్టుచీర తడిసిపోతున్నా పట్టించుకోలేదు. గంగులమ్మ దగ్గరికి వచ్చి, "చేతులు కాలాక ఆకులు..." అనబోయి, తమ్ముడి మొహం చూసి నాలుక కరుచుకుంది. ఆ సామెత అంత నిజంగా కళ్ళముందుకు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

క్యాను ఖాళీ అయింది. ఓబులేసు పిట్టగోడ మీద కూర్చుని చేతుల వైపు చూసుకున్నాడు. బొబ్బలు లేస్తున్నాయి. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంటకు కాదు.

"పాపా," అన్నాడు సన్నగా, "ఇప్పుడేం చేద్దాం? నువ్వు చెప్పు."

గంగులమ్మ తమ్ముడి వైపు వింతగా చూసింది. 'నువ్వు చెప్పు' అనే మాట వాడి నోట ఆమె వినడం అదే మొదలు.

నాగవేణి కొంగు నడుముకు చుట్టింది. "ముందు చల్లారాల మామా. తొందరపడి కాగిన ఇనుములో చల్లనీళ్ళు గుమ్మరిస్తే పగిలిపోద్ది. నువ్వు చెప్పిందే." ముందుకు వెళ్ళి అట్ట పీకేసింది, బంతిదండలు తెంపి పారేసింది. జాలీలోంచి కొండగాలి రివ్వున లోపలికి పోయింది. చల్లారేదాకా వేచి చూశారు. ఆ నిరీక్షణ ఎంత కష్టమో వాళ్ళకే తెలియాలి.

తర్వాత ఆమె వంగి చూసి, "మామా, కింద పైపు మొదట్లో తడి ఉంది" అంది.

"పైపుకు వేసిన పట్టీ వదులయ్యుంటాది. టూల్ బాక్సులో స్క్రూడ్రైవర్ ఉంది, బిగించు. పొద్దున అక్క చెప్పింది ఇదే" అన్నాడు ఓబులేసు.

పెళ్ళికూతురు, గాజుల చేతులతో, పట్టీ బిగించింది. అటుగా వచ్చిన లారీ ఆపి డ్రైవరు నీళ్ళిచ్చాడు. చల్లారిన రేడియేటర్లో కొద్దికొద్దిగా పోసి, మూత గట్టిగా తిప్పింది. ఓబులేసు చేతులు స్టీరింగు పట్టే స్థితిలో లేవు. నాగవేణి ఏమీ అడక్కుండా డ్రైవరు సీట్లో కూర్చుంది. వెంకన్న పటం తీసి కళ్ళకద్దుకుని అమ్మ ఒళ్ళో పెట్టింది. ముల్లు కనపడింది.

"ఏసీ కట్టెయ్యి. హీటర్ నిండుగా పెట్టు, ఇంజన్ వేడి కొంత ఇట్లా వచ్చేస్తాది" అన్నాడు ఓబులేసు. మే నెల ఎండలో హీటర్! బొట్టు కారింది, కాటుక కారింది, ముగ్గురూ చెమటతో తడిసి ముద్దయ్యారు. కానీ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోలేదు. కొంచెం పైకి జరిగినట్టు అనిపించినప్పుడల్లా నాగవేణి "మామా" అనేది. వెనక సీట్లోంచి ఓబులేసు "ఆపుదాం పాపా" అనేవాడు. అంతే, మారుమాట లేదు.

కల్యాణమండపం ముందు కారు ఆగినప్పుడు ముహూర్తం ఇంకా మించిపోలేదు. పెళ్ళికూతురే స్టీరింగు దగ్గర్నుంచి దిగేసరికి మగపెళ్ళివారు నోళ్ళు తెరిచారు. పెళ్ళికి వచ్చిన ఒక నర్సమ్మ ఓబులేసు చేతులు చూసి, కట్లు కట్టి, పెళ్ళి కాగానే ఆసుపత్రికి పోవాల్సిందేనని గట్టిగా చెప్పింది. "అట్లేనమ్మా" అన్నాడు.

పురోహితుడు కేకేశాడు: "గంప తీసుకురండి! మేనమామ ఎక్కడ?"

నాగవేణిని గంపలో కూర్చోబెట్టారు. ఓబులేసు అలవాటుగా వంగి చేతులు చాపాడు. కట్ల లోపల వేళ్ళు ముడుచుకోలేదు. గంప అంచు తగలగానే ప్రాణం పోయినంత పని అయింది. చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. చివరికి వరసకు అన్నలైన ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొచ్చి గంప పట్టుకున్నారు.

"ఆగండన్నా" అంది నాగవేణి. "మా మామ పక్కన లేకుండా నేను రాను. మామా, నీ భుజం ఆనించు. చాలు."

ఓబులేసు గంపకు భుజం ఆనించి నడిచాడు. ఆ పిల్ల బరువు అతని చేతులకు తెలియలేదు. ఇన్నేళ్ళు కాచుకున్న బరువు అది! పీటల దాకా ఏడుస్తూనే నడిచాడు. గంపలోంచి నాగవేణి తన కొంగుతో అతని కళ్ళు తుడిచింది.

చేతులు మానాయి గానీ మచ్చలు పోలేదు. ఇప్పటికీ ఓబులేసు కారు దగ్గర ఎవరైనా "అన్నా, ఇక్కడేందో..." అంటే, "నాకు తెల్దా" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు చేతుల వైపు ఒకసారి చూసుకుంటాడు. "ఏందప్పా, మళ్ళీ చెప్పు" అని కారు ఆపి దిగుతాడు.

నీతి: ఎంత తెలిసినవాడైనా ఎదుటివాడి హెచ్చరికను చెవిన పెట్టాలి. "నాకు తెలుసు" అని దాన్ని తోసేసేవాడికి, తెలిసిన విద్య కూడా అవసరానికి అక్కరకు రాదు.