రెండు సున్నాలకు మూడు ముక్కోణాలు

రైతు చిలగడదుంపలు తవ్వుకుపోయిన చేలో, మట్టిలో మిగిలినవాటిని ముళ్ళపంది వెతికి తవ్వేది. కుక్కలు రాకుండా నక్క కావలి కాసేది. మొదటి రోజు ఐదు దుంపలు దొరికాయి. గాడిద సాక్షిగా గట్టు మీది రాతిపై ఒప్పందం గీసుకున్నారు: నక్కకు రెండు సున్నాలు, ముళ్ళపందికి మూడు ముక్కోణాలు.

వాన పడి నేల మెత్తబడ్డ రోజు పదిహేను దుంపలు బయటపడ్డాయి. నక్కకు నోరూరింది.

"అక్కా, రాయి చూడు. నాకంటే నీకు ఒకటి ఎక్కువ. ఇవాళా అంతే. నాకు ఏడు, నీకు ఎనిమిది."

గాడిద రాయిని ఎగాదిగా చూసి, "తేడా ఒకటే కదమ్మా, సరిపోయింది" అని తలాడించింది.

ముళ్ళపందికి ఒళ్ళు మండింది. బొరియలో ఇద్దరు పిల్లలు ఆకలితో ఉన్నారు.

"నా పిల్లల నోటి దగ్గరిది లాక్కుంటావా? సరే తమ్ముడూ, తేడా ఒకటుంటే చాలు, అంతేగా?"

"అంతే!"

"గాడిదన్నా, విన్నావుగా. ఇక ఒక్కో దుంపే పంచుకుందాం." ఒక దుంప తనవైపు లాక్కుంది. "నాకొకటి, నీకేమీ లేదు. తేడా ఒకటే." ఇంకోటి లాక్కుంది. "మళ్ళీ నాకొకటి, నీకేమీ లేదు. తేడా ఒకటే."

మూడోదానికి నక్క లబోదిబోమంది. "ఇదేం న్యాయం!"

"నువ్వు చెప్పిన న్యాయమే. నాది కావాలంటే ఇటు చూడు."

రాతి మీది వరుస కింద మరో వరుస గీసింది: రెండు సున్నాలు, మూడు ముక్కోణాలు. దాని కింద ఇంకోటి. ఒక్కో గుర్తు మీద ఒక్కో దుంప పెట్టింది. పదిహేనూ సరిపోయాయి.

"కుప్ప పెరిగితే వరుసలు పెరుగుతాయి. ప్రతి వరుసలో నీ రెండింటికి నా మూడు. నీకు ఆరు, నాకు తొమ్మిది."

"అయితే కావలి మానేస్తా!"

ముళ్ళపంది ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "మానెయ్, నీ వాటా కూడా మానెయ్. కుక్కలొస్తే నాకు ఇవున్నాయి. నీకేమున్నాయి?"

నక్క ఆరు దుంపలు ఏరుకుని మళ్ళీ కావలికి కూర్చుంది.

నీతి: కుప్ప పెద్దదైందని కష్టపడ్డవాళ్ళ వంతు కుదిస్తే ఊరుకోకూడదు.