అవతలి ఒడ్డు జవాబు

ఇటు తిరుగు తల్లీ, దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ విను.

అనగా అనగా చైనా దేశానికి దక్షిణాన ఒక నది, నది ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో యిన్‌లాన్ అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల దగ్గర ఉన్నదల్లా రెండు వెదురు తెప్పలు, ఆరు లాంతర్లు, సగం పాట.

సగం పాటేంటంటావా? చెప్తా. వాళ్ళని జువాంగ్ జనం అంటారు. వాళ్ళ పాట ఒకరు పాడితే అయిపోదు. ఈ ఒడ్డువాళ్ళు పాటలో ప్రశ్న వేయాలి, ఆ ఒడ్డువాళ్ళు పాటలోనే జవాబివ్వాలి. జవాబొచ్చేదాకా పాడినవాళ్ళు కదలకూడదు. ఆ నది మధ్యలో, మన పాపికొండల కంటే నిటారుగా, ఒంటరి కొండలు బోలెడున్నాయి. అవన్నీ ఒకప్పుడు మనుషులేనట. జవాబు కోసం నిలబడి నిలబడి రాయైపోయారట.

"నిజంగానా అమ్మమ్మా?"

వాళ్ళు అలాగే చెప్పుకుంటారమ్మా.

అయితే ఒక వరదలో ఈ ఒడ్డువాళ్ళు తమ తెప్పలు కొట్టుకుపోకుండా, వాటికి చిక్కుకున్న ఆ ఒడ్డువాళ్ళ వలలు కోసేశారు. అప్పటినుంచీ పాట ఏరు దాటలేదు. పాటలో జవాబు పాడే సగం తెలిసినవాళ్ళలో ఆ ఒడ్డున నోంగ్ అవ్వ ఒక్కతే మిగిలింది. ఆమెకీ వయసైపోయింది. ఆమె పోతే జవాబూ పోతుంది.

అప్పుడు యిన్‌లాన్ అనుకుంది, రాత్రిపూట నది మీదే ఆ కొండల కథ నాటకంగా ఆడాలి, అవ్వ చేత జవాబు పాడించాలి అని.

మొదట రంగురంగుల జిగురన్నం వండి పట్టుకెళ్ళింది. అవ్వ తిని, "అన్నం బాగుంది. ఇక వెళ్ళిరా" అంది.

ఆ తర్వాత పట్టుదారాలతో కుట్టిన బంతి పట్టుకెళ్ళింది. అవ్వ బంతిని తిప్పి చూసి, "ఇంత చక్కగా కుట్టే చేతులు మా వలలెందుకు కోశాయో" అంది.

మూడోసారి వట్టి చేతులతో వెళ్ళి, "మావాళ్ళు చేసింది తప్పే అవ్వా" అంది. అవ్వ కోడిపిల్లలకి నూకలు చల్లుతూ ఉండిపోయింది.

ఆట రోజు రానే వచ్చింది. ఎక్కడెక్కడి జనమో ఒడ్డు నిండా కూర్చున్నారు. అప్పుడు యిన్‌లాన్ ఏం చేసిందో తెలుసా? జవాబు తనే కట్టి, చిన్నాన్న కొడుకు తెంగ్‌కి నేర్పి, తమ ఒడ్డునే ఒక బండ చాటున కూర్చోబెట్టింది.

తెప్ప మీద నిలబడి ప్రశ్న పాడింది. బండ చాటునుంచి తెంగ్ జవాబు పాడాడు. చూడవచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు మాత్రం చేతులు కదపలేదు.

తెప్ప వెనక కొసన కూర్చున్న యిన్‌లాన్ నాయనమ్మ అంది, "నీ పాటకి నువ్వే ఊఁ కొట్టుకుంటే అది జవాబా, పిల్లా?"

యిన్‌లాన్ తల వాలిపోయింది. "తెంగ్, నువ్వింక ఇంటికెళ్ళు" అంది.

"మరి నువ్వో?"

"జవాబు రాలేదుగా. నేనెలా కదులుతాను?"

అప్పుడు లాంతర్లన్నీ ఆర్పేసింది. చీకట్లోకి మళ్ళీ పాడింది. ఆ ఒడ్డున అలికిడి లేదు. నీళ్ళు తెప్పని తాకే చప్పుడొక్కటే.

ఆ తర్వాత కొండల వెనకనుంచి చంద్రుడు పైకొచ్చాడు. ఒక్కో కొండా చీకట్లోంచి లేచి నిలబడింది. పైన ఒక కొండ, నీళ్ళలో తలకిందులుగా ఒక కొండ. అన్నీ యిన్‌లాన్‌నే చూస్తున్నట్టున్నాయి. అంత జనంలో ఒక్క పసిబిడ్డ కూడా ఏడవలేదు.

యిన్‌లాన్ మూడోసారి పాడింది.

అప్పుడు ఆ ఒడ్డున మిణుగురంత వెలుగు. వెలుగు వెంట ఒక గొంతు. ముసలి గొంతు, బీటలువారిన గొంతు. నోంగ్ అవ్వదే. ఆమె వెనక ఇంకో దీపం, ఇంకో దీపం. చేపల తెప్పలన్నీ వరసకట్టాయి. అవ్వ పాటని ఒక కొండ అందుకుని ఇంకో కొండకిచ్చింది. ఆ కొండ దాని పక్కదానికిచ్చింది. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న ఆ రాతి మనుషులందరికీ ఒక్కసారే జవాబు అందినట్టయింది. నాయనమ్మ కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

జవాబిచ్చినవాళ్ళకి తిరిగి అడిగే హక్కుంటుంది తల్లీ. అవ్వ పాటలోనే అడిగింది:

"నా గొంతు ఆరిపోయాక, ఈ సగం ఎవరి గొంతులో ఉంటుంది?"

ఆ ప్రశ్నకి పాట ఎవ్వరూ కట్టలేదు. యిన్‌లాన్ వంగి గడకర్ర అందుకుని, నీళ్ళలో గుచ్చి, తెప్పని అవ్వ దీపం వైపు తిప్పింది.

తెప్ప సాగె ఆవలి ఒడ్డుకి,
కథ సాగె కంచి గడపకి,
కళ్ళు మూసిన నా చిట్టితల్లి
సాగిపోయె నిద్దర గూటికి.