గాటు లేని ఫొటో

వన్నూరప్ప తీసిన ఫొటోను ఒకరు తిప్పి ఇవ్వడం అదే మొదటిసారి.

"ఎవరిదిది?" అంది ఉలిగమ్మ, ఫొటోను స్టూడియో బల్ల మీద పడేసి.

"నీదే అత్తా."

"నాదైతే నా గాటేది?"

ఆమె నాపరాళ్ల గనిలో బండ కొట్టే మనిషి. కూలి పెంచమని గేటుకు అడ్డం కూర్చున్న రోజు, యజమాని మనుషులు రువ్విన రాయి ఆమె నుదురు చీల్చింది. ఇప్పుడు కూలీలంతా కలిసి ఆమెను సంఘానికి పెద్దను చేశారు. ఫొటో సంఘం గోడకు.

వన్నూరప్ప నవ్వాడు. "మెత్తని లెన్సుతో తీసినా అత్తా. మచ్చలన్నీ కరిగిపోతాయి."

"కరగనీకి అదేమన్నా బెల్లమా? ఈ సుకుమారిని గోడకు పెడితే, రాయి రువ్వినోడే వచ్చి దండేసి పోతాడు. నా మొగం నాకియ్యి. లేకుంటే గోడ బోడిగానే ఉంటుంది."

వన్నూరప్పకు రోషం వచ్చింది. లోపల ఉన్న గురువు ఖాజా సాబ్ దగ్గరికి పోయాడు. ఆ లెన్సు ఆయనదే. ఇరవై ఏళ్లు వాడి, పోయినేడు శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆమెకు అందం వద్దంట సాబ్. ఇట్లాంటోళ్లకు మామూలు లెన్సు చాలు. దీన్ని పెట్టను."

ఖాజా సాబ్ లేచి వచ్చాడు. ఉలిగమ్మను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరాకు అదే లెన్సు బిగించాడు. దాని చుట్టూ ఉన్న వలయాన్ని పట్టి తిప్పాడు. వెలుతురు దూరే కన్నం సన్నబడింది.

ఏడాదిగా వన్నూరప్ప ఆ వలయాన్ని ముట్టుకోలేదు.

"ఇప్పుడు చూడు. ఫోకస్ మళ్లీ సరిచేసుకో, అది జరిగుంటుంది."

వన్నూరప్ప సరిచేశాడు. కెమెరాలో మంచులాంటి మసక విడిపోయింది. నుదుటి మీద గాటు, దాని వెంబడే కుట్ల గుర్తులు.

అయినా అతను తగ్గలేదు. స్టూడియో గోడ మీది ఫొటో చూపించాడు. అది ఖాజా సాబ్ భార్యది, ఆమె జబ్బుతో పోయే ముందు నెల తీసింది. ముఖం వెన్నెల్లో ఉన్నట్టుంది.

"అమ్మను మాత్రం మీరు మెత్తగానే తీసినారు గదా. జబ్బు ఎక్కడా కనపడదు. అది అబద్ధం కాదా?"

ఖాజా సాబ్ ఆ ఫొటో వైపు తిరిగాడు.

"ఆమె అట్లా తీయమని అడిగింది" అన్నాడు.

వన్నూరప్ప కెమెరా వదిలి ఉలిగమ్మ ముందుకు వచ్చాడు.

"ఎట్లా తీయమంటావత్తా?"

ఆమె గాటున్న పక్కను కిటికీ వెలుతురుకు తిప్పింది.